లెక్కలోకి రాని ఎడమ చెయ్యి

చర్మం ఎంత గరుకుగా ఉందో కొలవడానికి మూడు పద్ధతులు ఉన్నాయని, ఆ మూడూ మూడు రకాల జవాబులు చెప్పగలవని, వాటిలో మనకు పనికొచ్చే జవాబును ఏరుకుని దానికి శాస్త్రం అని పేరు పెట్టవచ్చని నాకు రిటైరయ్యాక తెలిసింది. తెలియజేసినవాడు ఒక ప్రొఫెసర్. ఆయన గురించి నా డైరీల్లో ఉన్న మాటలు ఇక్కడ రాయదగినవి కావు. రాయదగినంత మేరకు రాస్తాను.

నా ఉద్యోగమంతా మేళ్లచెరువు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీ ప్రయోగశాలలో గడిచింది. సిమెంటు ఎంత మెత్తగా నలిగిందో చూడటం నా పని. దానికి రెండు దారులుండేవి. జల్లెడ పట్టి పైన మిగిలింది తూచడం ఒకటి. పొడిని గట్టిగా బిగించి, అందులోంచి గాలి ఎంతసేపట్లో దూరి వస్తుందో చూడటం ఇంకొకటి. జల్లెడ ముతక రవ్వ సంగతి చెబుతుంది, గాలి సన్నటి ధూళి సంగతి చెబుతుంది. ఒక్కోసారి రెండూ ఎదురెదురుగా నిలబడేవి. అప్పుడు జల్లెడ చిరిగిందా, నమూనాకు తడి తగిలిందా అని చూసి మళ్ళీ పట్టేవాళ్ళం. మేనేజరుకు ఏది నచ్చుతుందో అది రాసేవాళ్ళు మా దగ్గర లేకపోలేదు. వాళ్ళకు ప్రమోషన్లు వచ్చాయి.

ఇప్పుడు సూర్యాపేటలో ఉంటున్నాను. నా చెల్లెలి కూతురు కోదాడ దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతుంది. పీహెచ్‌డీ లేని లెక్చరర్లను ఆ హోదాలో ఇక ఉంచేది లేదని కాలేజీవాళ్ళు చెప్పేశారు. ఆమె పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ గడువును అప్పటికే ఒకసారి పొడిగించారు. ఈ వేసవిలోగా థీసిస్ ఇవ్వకపోతే అది రద్దవుతుంది, ఇన్నేళ్ళ కష్టం నీళ్ళపాలవుతుంది. ఆ గడువు నెత్తిమీద ఉండగా, ఆమెకు గైడుగా ఉన్న ఆ ప్రొఫెసర్ మిర్యాలగూడ నుంచి ఒక పని పట్టుకొచ్చి, థీసిస్‌లో పెట్టాల్సిన ప్రయోగం ఇదే అన్నాడు.

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు సేటు తవుడు నూనెతో చేతులకు రాసుకునే క్రీము తయారు చేయించాడు. బియ్యం అమ్మినంత కాలం ఆయన్ను ఎవరూ రుజువు అడగలేదు. క్రీముకు మాత్రం రుజువు కావాలి, దాన్ని రాస్తే చర్మం నునుపెక్కుతుందని తెల్లకోటు వేసుకున్న మనిషి ఎవరైనా చెప్పాలి. ప్రొఫెసర్‌కు తెల్లకోటు ఉంది. మిల్లులో ఊడ్చి, చెరిగి, సంచులు కుట్టి మొద్దుబారిన ఆడవాళ్ళ చేతులు కావలసినన్ని ఉన్నాయి. మధ్యలో చాకిరీ చేసే మనిషి కావాలి. దానికి నా మేనకోడలు ఉంది.

"కుడిచేతికి క్రీము, ఎడమచేతికి ఏం లేదు," అని మా ఇంటికి వచ్చి నాకు వివరించింది. "ముందుగాల ఒకపారి కొలుస్తం, నాలుగు వారాలు వాడినంక ఇంకోపారి కొలుస్తం. రెండు చేతులకు తేడా వస్తే గది క్రీము పని. కాగితాలు కలగాపులగం గాకుండ సూసెటోళ్ళు కావాలె మామా. వస్తవా?"

ఎడమచేతిని పోలిక కోసం ఉంచాలన్న ఆలోచన ఆమెదే. ఏ ప్రయోగానికైనా మొదట రావలసిన ఆలోచన అది. గైడుకు రాలేదు. ఆయన కాలేజీ ఏసీ గదిలో కూర్చుని "ఓహో, అలా కూడా చేయొచ్చమ్మా" అన్నాడట.

కొలిచే పద్ధతులు ఇవీ. మొదటిది అచ్చు తీయడం. రెండు రకాల సిలికాన్ ముద్దను కలిపి ముంజేతి మీద పలచగా పరిచి, గట్టిపడ్డాక ఊడదీస్తారు. చర్మం మీది గీతలన్నీ అందులో తిరగబడి దిగుతాయి. ఆ అచ్చును హైదరాబాదు పంపిస్తే, అక్కడ దాని మీద సన్నని సూదిని నడిపించి ఎంత ఎగిరింది, ఎంత దిగింది అని లెక్క తీస్తారు. రెండోది కెమెరా. అది చేతి మీద వెలుగు చారలు వేస్తుంది. గుంట ఉన్నచోట చార వంగుతుంది, ఆ వంపును బట్టి లోతు చెబుతుంది. మూడోది నిపుణుడి కన్ను. నిపుణుడు చేతిని చూసి, వేలితో రాసి, సున్నా నుంచి తొమ్మిది దాకా ఏదో ఒక అంకె వేస్తాడు; అంకె పెరిగేకొద్దీ గరుకు ఎక్కువ. నిపుణుడు ఎవరని అడిగాను. ప్రొఫెసరేనట.

మెషిన్లు చెప్పే అంకెల్లో కూడా పెద్ద తిరకాసు ఉంది. ఒకటి సగటు ఎగుడుదిగుడు, ఇంకొకటి అన్నిటికన్నా లోతైన గీతలు. కంకర తేలిన రోడ్డుకూ, నున్నటి తారు మధ్యలో లారీ చక్రం దిగబడే గుంట ఒక్కటి ఉన్న రోడ్డుకూ సగటు ఒకటే రావచ్చు. ఇరుసు విరిగేది మాత్రం రెండోదాని మీదే. ఈ మాట ప్రొఫెసర్‌తో అంటే ఆయన పిల్లవాడిని చూసినట్టు చూసి, "మీ సిమెంటు వేరండీ, మా స్కిన్ వేరు" అన్నాడు. సిమెంటు నయం. దానికి సంతకం పెట్టేముందు మనిషి కొంచెం భయపడతాడు.

మొదటి రోజు మిల్లు ఆఫీసు గదిలో ఏర్పాట్లు చేశాం. కొలిచే ముందు అందరూ ఏసీలో కాసేపు ఊరికే కూర్చోవాలి, చేతుల మీది చెమట ఆరాలి. ఆడవాళ్ళంతా ఇస్త్రీ చీరలు కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చారు. మిల్లు పనికి అలా ఎవరూ రారు. నాకు అది వింతగా తోచలేదు. తోచి ఉండాల్సింది ఆ నిపుణుడికి. వాళ్ళకు పెద్దగా ఉండే ఒకామె, నడివయసు మనిషి, గదిలోకి వస్తూనే అందరి తరఫునా మాట్లాడటం మొదలుపెట్టింది.

"రోజు గిట్లనే కొలుస్తరా సారూ? కొలిస్తె రోజొస్తం. మా సేటు గీ ఏసీల మమ్ముల ఎన్నడు గూసోనియ్యలే."

"నీ చెయ్యి సూస్తె మిషిను కరాబైతదే అక్కా," అంది పక్కనున్నామె.

"నా మొగుడే కరాబు గాలే, మిషినేడ కరాబైతది? నీది సూస్కో. నీ చేతితోటి కొబ్బరి తురుమచ్చు."

నా మేనకోడలు నవ్వుతూనే అందరికీ సూచనలు చదివి వినిపించింది. రాత్రి నుంచి చేతులకు ఏ క్రీములూ పూసుకోలేదు కదా అని అడిగింది. పూసుకోలేదని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. ఆ సూచనల కాగితాన్ని ప్రొఫెసర్ ఇంగ్లీషులో రాశాడు. ఆమె తెలుగు చేసింది.

కెమెరా దగ్గర కూర్చోగానే ఒక్కొక్కరూ కొంగు సర్దుకుని మొహం ఎత్తి పెట్టారు. కెమెరా ముంజేతిని చూసి ఊరుకుంది.

"మొఖం రాదా అమ్మా?" అని అడిగింది ఆ పెద్దామె.

"రాదక్కా. చెయ్యొక్కటే."

"గింతేనా!" అని లేచింది. తర్వాత కూర్చున్నవాళ్ళు కొంగు సర్దుకోలేదు.

ప్రొఫెసర్ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని నిపుణత చూపించాడు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో కూలిమనిషి చెయ్యి. వేలితో ఒక్క రాపు రాసి, "ఏడు" అనేవాడు. నేను రాసుకునేవాణ్ణి. ఒకామె కుడిచేతిని రెండుసార్లు చూసి, ఒకసారి ఆరు అనీ ఇంకోసారి ఎనిమిది అనీ అన్నాడు. "ఏది రాయమంటారు సార్?" అని అడిగితే, "ఏడు వేసెయ్యండి" అన్నాడు.

నాలుగు వారాలు గడిచాక మళ్ళీ వెళ్ళాం. ఈసారి పూలూ లేవు, ఇస్త్రీ చీరలూ లేవు. ఆడవాళ్ళు కల్లం మీద నుంచి, మిల్లు లోపలి నుంచి తవుడు దుమ్ముతో నేరుగా వచ్చారు. చేతులు తడిగుడ్డతో తుడిపించి, ఆరనిచ్చి కొలిచాం. ప్రొఫెసర్ ఆలస్యంగా వచ్చి, కుడిచేతులు మాత్రం గబగబా చూసి, అన్నిటికీ మూడూ నాలుగూ వేసి, సేటు ఇంట్లో భోజనానికి వెళ్ళిపోయాడు. ఏది క్రీము వాడకముందు, ఏది వాడిన తర్వాత అన్నది ఆయనకు తెలుసు. తెలిసిన మనిషి చేత కంటితో మార్కులు వేయించడం ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇంటి దగ్గరే ఉండి ఫోనులో చెప్పినా అవే అంకెలు వచ్చేవి.

హైదరాబాదు నుంచి అచ్చులూ వాటి లెక్కలూ తిరిగి వచ్చాక, నా మేనకోడలు అన్నీ తెచ్చి సూర్యాపేటలో మా డైనింగ్ టేబుల్ మీద పరిచింది. మొహం వాడిపోయి ఉంది.

"కెమెరా సూస్తేనేమో కుడిచెయ్యి మస్తు నున్నగైంది అంటున్నది మామా. అచ్చు సూస్తేనేమో గరుకైంది అంటున్నది. గిదెట్లయితది?"

"ఎడమచెయ్యి?"

ఆమె ఆ కాగితాలు నా వైపు తోసింది. ఎడమచేతికి క్రీము చుక్క కూడా తగల్లేదు. అయినా కెమెరా లెక్కలో ఎడమచెయ్యి కూడా కుడిదానితో సమానంగా నున్నబడింది. అచ్చు లెక్కలో కుడిదానితో సమానంగా గరుకెక్కింది. రెండు చేతులకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా ఎక్కడా లేదు.

అప్పుడు ఫ్యాక్టరీలో చేసినట్టే చేశాను. లెక్కలు పక్కన పెట్టి నమూనాలు చేతిలోకి తీసుకున్నాను. రెండోసారి తీసిన అచ్చులు పొడిగా ఉన్నాయి. మొదటిరోజువి పట్టుకుంటే వేళ్ళకు సన్నగా జిడ్డు అంటింది, సందుల్లో చిన్న చిన్న గాలి బుడగలు కనిపించాయి. ముక్కు దగ్గర పెట్టుకుని ఆమెకు అందించాను.

"కొబ్బరినూనె," అంది.

మర్నాడు ఇద్దరం మిర్యాలగూడ వెళ్ళాం. మిల్లు వెనక సంచులు కుడుతున్న ఆ పెద్దామె దగ్గర కూర్చుని, మొదటిరోజు చేతులకు ఏమైనా పూసుకున్నారా అక్కా అని నా మేనకోడలు అడిగింది.

"క్రీము పూసుకోవద్దంటివి గదమ్మా. ఎవ్వరం పూసుకోలే."

"నూనె?"

"నూనె పూసుకోమా మరి? ఫోటో దీస్తరంటిరి. ఎండిపోయిన చేతులు ఏసుకొని ఫోటోకి ఎట్లొస్తం? సున్నిపిండితోటి రుద్దుకొని, మంచిగ నూనె రాసుకొని వచ్చినం. నూనె క్రీమెట్లయితది?"

"మరి రెండోపారి?"

"ఇగ మొఖం రాదంటిరి, ఎవలికి సూపెట్టాలె?" అని పళ్ళతో దారం తెంపింది. "మా యారాలికైతే నువ్విచ్చిన క్రీము పెనిమిటి మడిమెలకే సరిపాయె. మడిమెలు మంచిగైనయంట. గవి గూడ కొలుస్తవా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు. నా మేనకోడలు కూడా నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. అది నవ్వు వల్లనేనని నేను అనుకోలేదు.

సంగతి ఇప్పుడు తేటగానే ఉంది. మొదటిరోజు నూనె చర్మం గీతల్లో నిండింది కాబట్టి అచ్చుకు గీతలు లోతు తక్కువగా కనిపించాయి. అదే నూనె వెలుతురులో మెరిసి కెమెరాను తికమక పెట్టింది. మెరుపుల్ని అది ఎగుడుదిగుళ్ళు అనుకుంది. రెండోసారి నూనె లేదు, రెండు లెక్కలూ తారుమారయ్యాయి. అచ్చూ కెమెరా రెండూ కొబ్బరినూనెనే కొలిచాయి. క్రీమును ఎవరూ కొలవలేదు. ఇది తప్పయిన ప్రయోగం. తప్పయిందని ఒప్పుకుని మళ్ళీ చేయాలి. దీనికి పీహెచ్‌డీ అక్కర్లేదు, జల్లెడ పట్టేవాడికి కూడా తెలుసు.

కోదాడలో ప్రొఫెసర్ గదికి ఆమెతో నేనూ వెళ్ళాను. ఆయన అంతా విని, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"చూడమ్మా, నువ్వు అనవసరంగా కంగారు పడుతున్నావు. మూడు మెథడ్స్ ఉన్నాయి. అందులో రెండు ఇంప్రూవ్‌మెంట్ చూపిస్తున్నాయి. కెమెరా చూపిస్తోంది, నా గ్రేడింగ్ చూపిస్తోంది. మెజారిటీ మనకే ఉంది."

"ఇదేమన్నా సర్పంచి ఎలక్షనా సార్?" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. "రెప్లికా, అదే ఆ అచ్చు తీయడం, పాత పద్ధతమ్మా. ఇప్పుడు ఎవరూ వాడట్లేదు. దాన్ని తీసేద్దాం."

"మరి ఎడమచెయ్యి సార్?" అని అడిగింది నా మేనకోడలు. "ఎడమచెయ్యి గూడ గంతే నున్నగైంది కెమెరాల."

"ఎడమచెయ్యి ఇప్పుడెందుకమ్మా? క్రీము రాసింది కుడిచేతికి కదా."

ఈ మాట ఆయన నవ్వుతూ, ఓపిగ్గా, మందబుద్ధి విద్యార్థికి చెప్పినట్టు చెప్పాడు. నేను నా జీవితంలో తూకాల్లో మోసం చేసినవాళ్ళను చూశాను, తడి సంచులు అంటగట్టినవాళ్ళను చూశాను. వాళ్ళకు తాము చేసేది ఏమిటో తెలుసు. పట్టుబడితే తల దించుకునేవాళ్ళు. ఈయన తల దించుకోవడం కూడా నేర్చుకోలేదు. గోడ మీద పటం కట్టించి పెట్టుకున్న డాక్టరేటు, దాని కింద ఈ వాక్యం. ఎడమచెయ్యి ఇప్పుడెందుకమ్మా.

"ఆ నూనె సంగతి బయట ఎవరితోనూ అనకండి," అని వస్తుంటే నాకు చెప్పాడు. "ఊరికే కన్‌ఫ్యూజన్."

సూర్యాపేట బస్సులో నేను ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. చాలాసేపు విని, నా మేనకోడలు కిటికీ వైపు నుంచి తిరిగింది.

"నీకేంది మామా, ఎన్నైనా అంటవ్. నువ్వు రిటైరైనవ్. ఆయన సంతకం లేకుంటె నా రిజిస్ట్రేషన్ ఖతం. కాలేజిల నన్ను లెక్చరర్ నుంచి తీసేస్తరు. ఆయన లుచ్చా అని నాకు ఎరికలేదా? ఎరికయ్యి గూడ పోవాలె ఆయన తానికి. నీ తిట్లతోటి నా థీసిస్ అయితదా?"

సూర్యాపేటలో దిగాక ఆమె కాగితాల సంచి నేను అందుకున్నాను.

ఆమె ఇంకో ప్రయత్నం చేసింది. క్రీము ఆపించి, కొన్నాళ్ళు ఆగి, నూనె లేకుండా మొదటి నుంచి మళ్ళీ కొలుస్తానని సేటును అడగడానికి ఒక్కతే వెళ్ళింది. సేటు ఆమెకు కాఫీ ఇప్పించి, బీరువాలోంచి ఒక అట్టపెట్టె తీసి చూపించాడట.

"డబ్బలు అచ్చయి వచ్చినయమ్మా. శాస్త్రీయంగా నిరూపితం అని బంగారు రంగుల ఏయించిన. ఇప్పుడు మల్ల కొలిస్తె నిరూపితం కాకపాయె అనుకో, ఈ డబ్బలు నేనేం జేసుకోవాలె?"

ఈ వ్యవహారంలో ఉన్నది ఉన్నట్టు మాట్లాడిన పెద్దమనిషి ఆయనొక్కడే. దానికి మెచ్చుకోవలసిన పని లేదు. ఫలితం కొలతకు ముందే అచ్చయిందన్నమాట. మేము నాలుగు వారాల ఎడంతో రెండుసార్లు ఆడవాళ్ళ చేతులకు సిలికాన్ అంటించింది బంగారు రంగు ఆరేదాకా.

గడువు ఇంకా కొద్దిరోజులుందనగా ప్రొఫెసర్ థీసిస్ ప్రతిని తానే సరిచేసి పంపించాడు. అందులో అచ్చు లేదు, ఎడమచెయ్యి లేదు, కొబ్బరినూనె లేదు. కుడిచెయ్యి, కెమెరా, నిపుణుడి కన్ను ఉన్నాయి. చివర, ఈ ఫలితాలన్నీ పూర్తిగా, నిజాయితీగా నేను సేకరించినవే అనే వాక్యం కింద ఆమె సంతకానికి చోటు ఉంది. ముందు ఆమె పెడితే తర్వాత ఆయన పెడతాడు.

ఆ ప్రతి పట్టుకుని ఆమె కోదాడ వెళ్ళిన రోజు నేను బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. లోపలికి రావద్దని ముందే చెప్పింది. తలుపు తీసే ఉంది, మాటలు వినబడుతున్నాయి.

"ఈ ఒక్క పేజీ మారుస్త సార్. రెండు చేతుల లెక్కలు పెడత, మూడు పద్ధతులు పెడత, మొదటిరోజు ఏమైందో రాస్త. మీరు సంతకం పెట్టుండ్రి."

"అప్పుడు అది ఫెయిల్యూర్ థీసిస్ అవుతుందమ్మా. నా పేరు దాని మీద ఎలా ఉంటుంది?"

"గట్లయితే దీని మీద నా పేరు వద్దు సార్."

"గడువు అయిపోతుంది. తెలుసుగా?"

"తెల్సు సార్."

"ఆలోచించుకో. ఇంట్లో పెద్దవాళ్ళని అడుగు."

"అడగను సార్," అంది. "నేనే కొలిచిన. నాకు ఎరికే."

బయటికి వచ్చి, ఆకలవుతున్నది మామా, ఏమన్న తిందాం పా అంది. బస్టాండు దగ్గర హోటల్లో ఇద్దరం దోసెలు తిన్నాం. ఆమె రెండు తింది.

రిజిస్ట్రేషన్ రద్దయింది. కాలేజీవాళ్ళు ఆమెను పాఠాల నుంచి తప్పించి ల్యాబులో పిల్లల చేత ప్రాక్టికల్స్ చేయించే పనిలో వేశారు. హోదా పోయింది, గది కూడా పోయింది. ప్రొఫెసర్ కుడిచేతుల లెక్కను తన ఒక్కడి పేరు మీద ఎక్కడో అచ్చు వేయించుకున్నాడు. సేటు క్రీము సూర్యాపేట దుకాణాల్లో కూడా దొరుకుతోంది, కొంటున్నారు. దానివల్ల ఎవరికీ హాని లేదు. మేలు ఉందో లేదో ఈనాటికీ ఎవరికీ తెలియదు, బంగారు రంగు అక్షరాలకు తప్ప.

ఈ మధ్య ఆమె ఇంకో యూనివర్సిటీలో మళ్ళీ మొదటి నుంచి నమోదు చేసుకుంది. విషయం క్రీము కాదు. గరుకుతనాన్ని కొలిచే ఈ పద్ధతులే ఎక్కడ ఒకదానితో ఒకటి కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి, ఎందుకు అన్నది. కొత్త గైడు ఒక ఆడమనిషి; మొదటి మాటగా ఆ చెడిపోయిన అచ్చులు పారేశావా, ఉన్నాయా అని అడిగిందట. ఆదివారాలు గరిడేపల్లి వైపు నాట్లు వేసే ఆడవాళ్ళ చేతులు కొలవడానికి వెళుతోంది. కాగితాలు చూసుకోవడానికి నేను వస్తానన్నాను.

"వద్దు మామా," అంది. "నువ్వొస్తె గీడ గూడ ఎవల్నో ఒకల్ని సూసి మొఖం గంటు పెట్టుకుంటవ్. ఆ ఆడోళ్ళు భయపడి చేతులు ముడుసుకుంటరు."

నా మొహం గురించి ఆమె చెప్పింది నిజమే కావచ్చు. ఆ ప్రొఫెసర్ గురించి నా అభిప్రాయంలో మార్పు లేదు. ఆదివారం పొద్దున ఆమె సిలికాన్ డబ్బాలు సంచిలో సర్దుకుని గరిడేపల్లి బస్సెక్కింది, నేను ఇంటి దగ్గరే ఉండిపోయాను.